ఏడు గంటల మిస్డ్ కాల్

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధం. ముక్కు మీద ఉంటే తుమ్మినప్పుడైనా కింద పడేది. నా కోపం చేతిలో ఉంటుంది. ఆ సమయానికి చేతిలో ఏముంటే అది గాల్లోకి లేస్తుంది. గిన్నెలు, దువ్వెనలు, ఒకసారి ఆఫీసు రిజిస్టరు కూడా. ఆ రోజు జనగామ బస్టాండులో నా చేతిలో సెల్‌ఫోన్ ఉంది.

అప్పటికి మా పెళ్లై మూడేళ్లు. ఆయనకు భూపాలపల్లిలో బొగ్గు గని పని. నాకు మహబూబాబాద్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. నెలకు రెండుసార్లు ఆయన వచ్చేవాడు, లేకపోతే నేను పోయేదాన్ని. మిగతా రోజులన్నీ మా కాపురం మిస్డ్ కాల్ మీద నడిచేది. సాయంత్రం ఏడు గంటలకు నేను గదికి చేరి, తాళం తీసి, చెప్పులు విడిచి, ఆయనకు ఒక్కసారి మోగించి పెట్టేసేదాన్ని. 'చేరిన' అని దాని అర్థం. కాసేపటికి అటునుంచి ఒకటి వచ్చేది. 'నేను గూడ పైకొచ్చిన' అని దాని అర్థం. పైకి అంటే గనిలోంచి పైకి. ఆ ఒక్క మోత వినేదాకా నాకు అన్నం సయించేది కాదు. వినగానే ఆకలి నకనకలాడేది. పెళ్లయిన కొత్తలో ఆయన ఎన్ని తియ్యటి మాటలు చెప్పాడో ఒక్కటీ గుర్తులేదు గానీ ఆ మోత మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

గొడవ ఎక్కడ మొదలైందంటే, జనగామలో మా చెల్లెలి బిడ్డను తొట్టెలో వేసే రోజున. చుట్టాలంతా కూర్చుని ఉన్నారు. ఈయన పాయసం గిన్నె చేతిలో పట్టుకుని, నవ్వుకుంటూ, "మాకు క్వార్టర్ మంజూరైంది. ఇగ మా ఆమె నౌకరి ఇడిసిపెట్టి భూపాలపల్లికే వస్తది" అని అందరికీ చెప్పేశాడు. నేను నౌకరి విడిచిపెడుతున్నట్టు నాకే తెలియదు. చుట్టాలందరూ నా వైపు తిరిగి నవ్వితే నేనూ నవ్వాను. మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా ఆ నవ్వును ముఖానికి అట్లాగే అతికించుకుని కూర్చున్నాను. బస్టాండుకు వచ్చేసరికి అది ఊడిపోయింది.

"నన్ను ఒక్కమాట అడిగినవా?"

"అడుగుడేంది? మొగడు పెండ్లాలు ఒక్క కాడ ఉండొద్దా?"

"ఉండాలె. నువ్వే రా మహబూబాబాద్‌కు. అక్కడ గని తవ్వుకో."

"ఎకసెక్కాలు చెయ్యకు."

"నౌకరి నాది. నాకొచ్చింది. నువ్వు ఎవనివి ఇడువుమనేటానికి?"

"అట్లనా? అయితే నీ నౌకరితోటే కాపురం చేస్కో పో!"

అప్పుడే నా చెయ్యి లేచింది. ఫోన్ నేలకు తగిలి, ఎగిరి, బస్టాండు వెనక మురుగు మోరీలో పడింది. ఆయన మోరీ వంక చూశాడు, నా వంక చూశాడు. ఆయన ఎక్కాల్సిన పరకాల బస్సు కదులుతోంది. మెట్టు మీద కాలు పెట్టి, నా వైపు తిరగకుండానే, "పోతున్న" అన్నాడు.

మా వైపు ఆ మాట ఎవరూ అనరు. గడప దాటే మనిషి 'వస్త' అనాలి, లేకపోతే 'పోయొస్త' అనాలి. అందులోనూ భూమి లోపలికి దిగి పని చేసే మనిషి. మూడేళ్లలో ఎంత కొట్లాడుకున్నా ఆయన నోట ఆ మాట రాలేదు. ఆ రోజు వచ్చింది. పిలిచి 'పోయొస్త' అనిపించాలనుకున్నాను, అయినా బస్సు వెనక పరుగెత్తలేదు. పొగరు అడ్డం వచ్చింది.

మర్నాడు మహబూబాబాద్‌లో కొత్త ఫోన్, కొత్త సిమ్ము కొన్నాను. పాత సిమ్ముతో పాటు నా పాత నంబరూ మోరీ పాలైంది కదా. ఆయన నంబరు నాకు నోటికి రాదు, ఫోన్‌కే వచ్చు. గదిలో గోడ క్యాలెండరు వెనక ఎప్పుడో ఆయన కోడిగీతల్లో రాసిపెట్టిన నంబరు చూసి కొత్త దాంట్లో ఎక్కించుకున్నాను. మాట్లాడాలా అంటే, ఛ, ఎందుకు మాట్లాడాలి? తప్పు ఆయనది. ఎవరు ముందు నోరు తెరిస్తే వాళ్లు ఓడిపోయినట్టు. మిస్డ్ కాల్‌కు మాత్రం ఆ నియమం వర్తించదని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను. ఏడు గంటలకు కొత్త నంబరు నుంచి మోత వస్తే ఎవరో ఆయనకు ఆమాత్రం తెలియదా?

ఏడు గంటలకు ఇచ్చాను. అటునుంచి ఏమీ రాలేదు. రెండో రోజూ రాలేదు. చూడు, ఎంత పట్టుదలో మనిషికి అని పళ్లు నూరుకుంటూ ఎండుమిరపకాయలు ఒట్టి పెనం మీద మాడబెట్టాను. మూడో రోజు ఏడూ ఐదుకు ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది. నేను చాప మీద కూలబడి ఏడ్చాను. ఏడ్చి, లేచి, కడుపునిండా తిన్నాను.

ఆ తర్వాత రోజూ వచ్చింది. నేను ఇవ్వడం, అటునుంచి రావడం. నా కోపం మెల్లమెల్లగా చల్లారింది. మాటలు లేకపోతే మొగుడు ఎంత మంచివాడో అనిపించేది నాకు. ఎదురు చెప్పడు, వంకలు పెట్టడు, టంచనుగా బదులిస్తాడు. మా సందు చివర రీఛార్జి దుకాణం సేటు నన్ను ఆటపట్టించేవాడు. "మేడం, మీ అసొంటి గిరాకి ఉంటే నా దుకాణం మూతబడ్డట్టే. పదిహేను రోజులైంది, ఒక్క ఫోనన్న ఎత్తి మాట్లాడిన్రా?"

"మాట్లాడితే కొట్లాటయితది సేటూ" అన్నాను.

అంతలో సమ్మె మొదలైంది. ప్రత్యేక రాష్ట్రం కోసం అందరూ పనులు ఆపేశారు. మా ఆఫీసుకు తాళం, బడులకు తాళం. బస్సులు డిపోలో దుమ్ము పట్టాయి. రైలు పట్టాల మీద జనం కూర్చున్నారు. అటు గనులు కూడా బందు. పొద్దున్నే చౌరస్తాలో శిబిరానికి పోయి కూర్చునేవాళ్లం. నినాదాలు, ఉపన్యాసాలు, పాటలు. నేనూ గొంతు పోయేలా అరిచేదాన్ని. రాష్ట్రం రావాలని నాకు నిజంగానే ఉండేది. మా భాష మాట్లాడితే సినిమాల్లో పనిమనిషినో రౌడీనో చేసే రోజులు పోవాలని ఉండేది. కానీ ఒట్టేసి చెబుతున్నా, మధ్యాహ్నం మూడు దాటితే నా చెవులు మైకు మీద ఉండేవి కావు. చేతికి గడియారం ఉన్నా పక్కామెను టైమెంతైందని అడిగేదాన్ని. పని లేని చేతులు మహా చెడ్డవి. ఏరిన బియ్యమే మళ్లీ ఏరాను. మడతపెట్టిన చీరలు విప్పి మళ్లీ మడతపెట్టాను. గదిలో నాలుగు మూలలూ తిరిగి, అయిదో మూల ఎక్కడుందా అని వెతికాను. ఆయన గనిలోకి దిగడం లేదు కాబట్టి నేను నిశ్చింతగా ఉండాలి. అదేం విచిత్రమో, ఆయన దిగే రోజుల్లో కూడా నాకు ఇంత కలవరం లేదు. 'పోతున్న' అన్న మాట ఊరికే కూర్చున్నప్పుడల్లా చెవిలో దూరేది.

సమ్మె మూడు వారాలు దాటాక కరెంటు కోతలు ఎక్కువయ్యాయి. ఒక సాయంత్రం నా మిస్డ్ కాల్‌కు బదులు రాలేదు. మోగించి పెట్టేయడమే తప్ప అటు మోగిందో లేదో చెవి పెట్టి వినే అలవాటు నాకు లేదు. ఊళ్లో కరెంటు లేదు, చీకట్లో ఫోన్ వెలుగు చూసుకుంటూ కూర్చున్నాను. మరుసటి రోజూ రాలేదు. మూడో రోజు నియమం, పొగరు అన్నీ పక్కన పెట్టి నిజంగానే ఫోన్ చేశాను. స్విచాఫ్ అని చెప్పింది ఫోన్లో ఆడగొంతు. పదిసార్లు చేస్తే పదిసార్లూ అదే గొంతు, అదే మాట. పోలీసులు పట్టుకుపోయారేమో. రాస్తారోకోలో దెబ్బలు తగిలాయేమో. దవాఖానలో ఉన్నాడేమో. నాలుగో రోజు పొద్దున తాళం వేసి, చేతిసంచీ పట్టుకుని బయలుదేరాను. బస్సుల్లేవు, రైళ్లు లేవు, ఎట్లా పోతావని ఇంటి యజమానురాలు అడిగింది. తెలియదని చెప్పాను.

నర్సంపేట దాకా ఒక ఆటోలో ఎనిమిది మంది మధ్య ఇరుక్కుని పోయాను. అక్కడి నుంచి ఒక టమాటల వ్యాను దొరికింది. పరకాల దగ్గర రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. సమ్మెలో అదొక పద్ధతి. దారి ఆపి, అక్కడే వండి, అక్కడే అందరూ తినాలి. వ్యాను ఆగిపోయింది. నేను దిగి వాళ్ల మీద పడ్డాను.

"జరుగున్రి! నేను అర్జంటుగ పోవాలె. మీ వంటలు తర్వాత చేస్కోన్రి!"

చేతిలో గరిటెతో ఒకామె నా ముందుకు వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్దది ఉంటుంది. "ఎక్కడికి చెల్లె గింత ఆగమాగం?"

"భూపాలపల్లి. మా ఆయన ఫోను నాలుగు రోజుల సంది బందున్నది. ఏమైందో తెల్వదు. నన్ను ఇడువున్రి."

"ఇడుస్తం. తిని పో. తినకుండ ఎవ్వలను ఇడుస్తలేం."

"నాకు బువ్వొద్దు, ఏమొద్దు! మీకు కండ్లు కనిపిస్తలెవ్వా?" అని ఆమె మీద అరిచాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆమె ఏమీ అనుకోలేదు. "గింత కోపమున్నదంటే పొద్దటి సంది ఏం తినలేదన్నట్టు. కూసో" అని భుజం పట్టి కింద కూర్చోబెట్టింది. విస్తరి వేసి వేడివేడి అన్నం, టమాట పప్పు పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్లల్లో నీళ్లు వచ్చాయి. ఆమె నా పక్కనే గొంతుక్కూర్చుని, తనది టేకుమట్ల అనీ, అక్క ఇంటికి వచ్చి బస్సుల్లేక ఇక్కడే చిక్కుకుపోయాననీ, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోందని వంటకు వచ్చాననీ చెప్పింది. నాకూ అట్లాగే ఉందన్నాను. భూపాలపల్లి గని కార్మికుల శిబిరానికి బియ్యం మోసుకుపోతున్న ట్రాలీ ఒకటి వస్తే ఆమే దాన్ని ఆపి, నన్ను బస్తాల మీద కూర్చోబెట్టింది. డ్రైవరుతో, "అన్నా, ఈమెను చేర్చినంక నాకో మిస్డ్ కాల్ ఇయ్యి" అని తన నంబరు చెప్పింది. ఆమెను నేను మళ్లీ చూడలేదు.

భూపాలపల్లిలో గని గేటు ముందు టెంటు వేసి ఉంది. టెంటు పక్కన, నీడలో, మా ఆయన బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. ఒంటి మీద ఒక్క గీత లేదు. పైగా కాస్త ఒళ్లు చేశాడు. ట్రాలీ దిగి నిలబడితే నన్ను చూసి కత్తి అట్లాగే పట్టుకుని లేచాడు.

"ఏందే, గిట్లొచ్చినవ్? బస్సుల్లేవు గద!"

"ఫోనెందుకు బందు పెట్టినవ్?" అన్నాను. మామూలుగా అడగాలనుకున్నాను గానీ టెంటంతా తిరిగి చూసేలా వచ్చింది గొంతు.

"బందెక్కడున్నది? ఇగో." జేబులోంచి తీసి చూపించాడు. వెలుగుతోంది. "బందు పెట్టింది నువ్వు. పది రోజులు చేసిన నీ నంబరుకు, అదే నంబరు మర్ల తీస్కుంటవని. స్విచాఫ్, స్విచాఫ్. ఇగ నన్ను ఇడిసిపెట్టినవనుకున్న. మూడుసార్లు మహబూబాబాద్‌కు రావాలెనని బస్టాండు దాక వచ్చి మర్లిన. నాలుగోసారికి బస్సులే లేకపాయె."

"మరి రోజూ ఏడు గంటలకు నేను మిస్డ్ కాల్ ఇస్తలేనా? నువ్వు మర్ల ఇస్తలేవా?"

"నేనెప్పుడిచ్చిన?"

నా ఫోన్ లాక్కుని ఆయన పేరు మీద ఉన్న నంబరు చూశాడు. చివరి అంకె మీద వేలు పెట్టాడు. "ఇది ఏడు పెట్టినవ్. నాది ఒకటి."

"క్యాలెండర్ల ఏడే ఉన్నది!"

"అది ఒకటే. నేను ఒకటికి నెత్తి మీద టోపీ పెడ్త గద."

మూడేళ్లు కాపురం చేసి, మనిషి ఒకటి ఎట్లా రాస్తాడో చూసుకోలేదు నేను. టెంటులో వాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. ఆయనా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది, సిగ్గేసింది, ఆ రెండూ తగ్గేలోపు ఆయన బతికే ఉన్నాడన్న సంగతి మనసుకెక్కి అక్కడే బియ్యం బస్తాకు ఆనుకుని ఏడ్చాను. ఆయన కత్తి పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాడు. ఉల్లిగడ్డ చేతులతో నా కళ్లు తుడవబోయి ఇంకా మండించాడు.

"నిన్ను అడగకుండ చెప్పుడు నాదే తప్పు" అన్నాడు చివరికి. "నౌకరి ఇడువకు. కిందామీదా పడి ఎట్లనో నడిపిద్దాం."

"ఆ మాట బస్టాండ్ల అంటే ఏమాయె?"

"నువ్వు ఫోన్ ఇసిరేస్తివి. తర్వాత నన్నే ఇసిరేస్తవేమో అనుకున్న."

అట్లా మా గొడవ తీరింది. కానీ నా కలవరం తీరలేదు. నెల పైనుంచి నాకు బదులిచ్చింది ఎవరు? ఎవరో మొహం తెలియని మనిషి మోగిస్తే నేను కడుపునిండా తిన్నాను, నవ్వుకున్నాను, మొగుడిని క్షమించాను. ఆ మనిషి ఫోన్ నాలుగు రోజులుగా మూగబోయింది. ఆయనకు చెబితే, "ఎవలో ఏమో, ఇడువు" అన్నాడు. ఎట్లా విడుస్తాను? మరుసటి రోజు ఏడు గంటలకు మళ్లీ చేశాను. స్విచాఫ్. ఆ తర్వాతి రోజు మోగింది. ఒక్క మోతకు పెట్టేశాను. కాసేపటికి అటునుంచి వచ్చింది. ఈసారి ఆగిపోయేలోపు పచ్చ బటన్ నొక్కి ఎత్తాను.

అటుపక్క ఎవరో ఉలిక్కిపడ్డారు. ముసలి ఆడగొంతు. నాకు అర్థం కాని భాషలో ఏదో అని, ఆ తర్వాత తెలుగులో, "ఎవలు?" అంది.

"నేను రోజూ మిస్డ్ కాల్ ఇచ్చేదాన్ని. నువ్వు ఎవలవ్వా?"

"మాది బయ్యారం కాడ తండా."

"నాలుగైదు రోజులు ఫోనెందుకు బందయింది? నేను మస్తు పరేషానైన!"

"కరంటు లేకపాయె బిడ్డా. పొద్దుమాపు కోతలే. ఛార్జింగు పెట్టుకుందమంటే యాడ పెట్టాలె? గాడ ఎవలో బొగ్గు తవ్వుతలేరంట."

నేను మా ఆయన వంక చూశాను. మాటలు ఆయనకూ వినిపించాయి. బొగ్గు తవ్వని మనిషి తల దించుకుని ఉల్లిగడ్డ పొట్టు ఒలుస్తున్నాడు. ఈయన గని ఆపితే ఆమె ఫోన్ ఆరిపోయింది, ఆమె ఫోన్ ఆరిపోతే నేను ఈయన దగ్గరికి పరుగెత్తుకొచ్చాను.

"నువ్వు మంచిగున్నవా?" అని అడిగింది ఆమె. ఆ నెలన్నరలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. మంచిగున్న అవ్వా అన్నాను.

సమ్మె అయిపోయి రైళ్లు తిరగడం మొదలయ్యాక ఒక ఆదివారం ఆ అవ్వను చూడ్డానికి ఇద్దరం బయలుదేరాం. మహబూబాబాద్‌లో పాసింజరు ఎక్కి గార్లలో దిగి, అక్కడి నుంచి ఆటోలో బయ్యారం వైపు. ఫోన్లో ఆమె చెప్పిన గుర్తులతో తండాలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ముసలామె వాకిట్లోనే కూర్చుని ఉంది. చేతి నిండా తెల్లటి గాజులు, ఎండకు నల్లబడిన ముఖం, మెడలో దారం కట్టుకుని దానికి ఫోన్ వేలాడేసుకుంది. లోపల కోడలు ఉంది, ఇరవై ఏళ్ల పిల్ల. మమ్మల్ని చూసి మంచం వాల్చింది. ముసలామె కోడలిని ఏదో పురమాయించి బిందె ఇచ్చి బోరింగు దగ్గరికి పంపింది. కోడలు మలుపు తిరిగేదాకా చూసి, నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"నా కొడుకు పుణెకు పోయిండు, బిల్డింగుల పనికి. తీజ్ పండుగకు వస్తనన్నడు, రాలే. ఫోన్ గూడ బందు పెట్టిండు. కోడలు వాళ్ల అన్నలు వచ్చి, మా పిల్లను తోల్కపోతమని కూసున్నరు. గప్పుడు నీది మోగింది. నా కొడుకుదే అని చెప్పిన. చెప్పి నేను మర్ల ఇచ్చిన. ఆళ్లు లేచి పోయిండ్రు."

"నువ్వు గూడ కొడుకుదే అనుకున్నవా అవ్వా?"

"ఏడిది? నా కొడుకు రెండుసార్లు మోగిస్తడు. ఎన్నడైనా రెండే. నీది ఒక్కటే. మొదటి రోజే ఎరుకైంది నాకు." ముక్కు చీది పైట చెంగుతో తుడుచుకుంది. "కోడలు నమ్మింది. రోజూ మోగినంక నవ్వుకుంట రొట్టెలు చేస్తది. ఆ పిల్లకు చెప్పకు బిడ్డా. నువ్వు ఇచ్చుడు బందు పెట్టకు."

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలి కదా, మహా కోపం వచ్చింది. నా మొగుడు నన్ను అడగకుండా నా నౌకరి సంగతి తేల్చాడని ఫోన్ విసిరేసినదాన్ని. ఈమె కోడలి బతుకును కోడలికి తెలియకుండా నా మిస్డ్ కాల్‌తో కట్టేస్తోంది. ఇది మోసం అవ్వా అనబోయాను. అంతలో కోడలు నీళ్ల బిందెతో వచ్చింది. ముసలామె నా చెయ్యి వదలలేదు. ఆ పట్టు విడిపించుకుని ఆ మాట అనడం నా వల్ల కాలేదు.

మక్కరొట్టెలు పెట్టారు, చాయ్ పోశారు. మా ఆయన ముసలామెతో కోతల గురించి మాట్లాడి, బొగ్గు తవ్వనిది తామేనని ఒప్పుకున్నాడు. ఆమె చిన్నపిల్లలా నవ్వి, "నీ మీద కేసు పెడ్త" అంది. లేచేటప్పుడు మా ఆయన గడప దగ్గర ఆగి, "వస్తం అవ్వా" అన్నాడు. ఆ మాట అంటూ నా వైపు చూశాడు.

కోడలు మమ్మల్ని రోడ్డు దాకా సాగనంపడానికి వచ్చింది. ఇల్లు కనుమరుగయ్యాక నా పక్కకు వచ్చి మెల్లగా అంది.

"అక్కా, మా అత్త నీతోని ఏం చెప్పిందో నాకు ఎరికే."

నేను ఆగిపోయాను.

"నేను ఏడో తరగతి దాక సదివిన. నంబర్లు సదువొస్తది గద. అది ఆయన నంబరు గాదని మొదటి రోజే చూసిన. ఆమెకు సదువు రాదు, ఆమె నమ్మింది. రోజూ ఏడైతే ఫోన్ చేతుల పట్టుకోని కూసుంటది. కొడుకు దగ్గర్నుంచి కబురు లేదంటే పానం ఇడుస్తది. నేను మా అన్నల కాడికి పోతే ఆమెకు రొట్టె ఎవలు చేస్తరు?" అని కళ్లు తుడుచుకుంది. "మా అత్తకు చెప్పకు అక్కా. బందు పెట్టకు."

"మర్ల ఇచ్చేది మీ అత్తేనా?" అని అడిగాను.

"ఆమె చెయ్యి వణుకుతది. ఒక్కోపారి నేను నొక్కుత."

ఆటో వచ్చింది. నేను ఎక్కేముందు ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, "వస్త" అన్నాను.

గార్ల స్టేషనులో పాసింజరు ఆలస్యం. బల్ల మీద కూర్చున్నాం. అంతా మా ఆయనకు చెప్పాను. ఏడయింది. ఫోన్ తీసి ఒక్క మోత ఇచ్చి పెట్టేశాను.

బదులు రాలేదు. ఏడూ ఐదు. ఏడూ ఎనిమిది. కరెంటు పోయిందా? ముసలామెకు ఏమైనా అయిందా? మేము వచ్చేశాక ఇద్దరూ ఏమైనా మాట్లాడుకున్నారా? ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోయిందా? లేచి ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరిగాను. ఇంకొకసారి ఇచ్చి చూద్దామని బటన్ మీద వేలు పెట్టాను.

"ఇయ్యకు!" అన్నాడు మా ఆయన.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. రెండోసారి మోగితే ఆ ఇంట్లో ముసలామె కొడుకే అనుకుంటుంది. నంబరు చూసేలోపు ఆ పిల్ల కూడా అనుకుంటుంది. వేలు బటన్ మీద అట్లాగే ఉంది. రెండో చేత్తో ఆ చేతిని పట్టుకుని పక్కకు తీశాను. పుట్టి బుద్ధెరిగాక నా చేతిని నేను ఆపుకున్నది ఆ రోజే.

ఏడూ పదకొండుకు ఒకటి వచ్చింది. ఒక్కటే. అత్త ఇచ్చిందో, కోడలు ఇచ్చిందో నాకు తెలియదు.